తోక ముట్టిన చేయి

సైట్‌కు నక్క వచ్చిన ప్రతిసారీ రిజిస్టర్‌లో రాశాను. సేఫ్టీ ఆఫీసర్‌గా అది నా పని. మార్చి మొదట్లో అది గుట్ట మీద నిలబడి మావైపు చూసి వెళ్లిపోయింది. రెండో వారం మెస్ వెనక చెత్తడబ్బా దగ్గర కనిపించింది. తర్వాత ఒకరి బూటు ఎత్తుకుపోయింది. ఏప్రిల్‌లో ఒక పొద్దున నేను అందరినీ నిలబెట్టి హెల్మెట్ల గురించి చెబుతుంటే, పదడుగుల దూరంలో వచ్చి కూర్చుంది. మనుషులు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. చేరదీసేవాళ్లు లేకుండా అడవి జంతువు అంత దగ్గరికి రాదు. ఎవరో తిండి పెడుతున్నారు.

నా అనుమానం పెద్దులన్న మీద. జగిత్యాల దగ్గరి ఊరివాడు, ఇనుము కట్టే పని, ఇక్కడ ఒమన్‌లో పదహారేళ్ల సర్వీసు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. రిపోర్టు రాయడం వచ్చు గానీ, మా నాన్న వయసువాణ్ణి నిలదీయడం ఇప్పటికీ చేతకాదు. ఆయన మెస్‌లో రోజూ రెండు ఖుబూస్ రొట్టెలు ఎక్కువ తీసుకునేవాడు. అడిగితే ఆకలన్నాడు. మనిషి మాత్రం బక్కగానే ఉన్నాడు.

సోమవారం కుడిచేతికి గుడ్డ చుట్టుకుని డ్యూటీకి వచ్చాడు. బైండింగ్ వైరు గుచ్చుకుందన్నాడు. విప్పమంటే వినలేదు. రెండుసార్లు తిరగ్గొట్టిన లీవు ఆ పొద్దునే పాస్ అయిందట. గురువారం ఫ్లైటు, శనివారం భార్య దేవవ్వకు కంటి ఆపరేషన్. ఈ చిన్న గాయం అజైబాలోని మా హెడ్డాఫీసు దాకా పోతే లీవు ఆపేస్తారని ఆయన భయం. నేను పట్టు వదల్లేదు. చివరికి విప్పాడు.

బొటనవేలి కింద రెండు గాట్లు, చేతి వెనక మరో రెండు. వైరు ఒకవైపు నుంచే గుచ్చుతుంది. రెండువైపులా పట్టేది నోరు.

కరిచిందా అని అడిగితే ఒప్పుకోడు. అందుకే మాట మార్చాను.

"లీవు పాసయింది, టికెట్టొచ్చింది. నక్క తోక తొక్కినవ్ పో, పెద్దులన్నా."

ఆయన ముఖం విప్పారింది. "తొక్కలే సారు. జర ముట్టిన, అంతే."

అనేశాక నోరు మూసుకున్నాడు గానీ, మాట బయటపడిపోయింది.

ఆసుపత్రికి తీసుకెళ్తుంటే కారులో మిగతాది చెప్పాడు. తనకు మూడేళ్లుగా రాని, కంపెనీ వదిలిపోనిచ్చే రిలీజ్ పేపర్, నక్క తోక ముట్టిన నాలుగు రోజులకే వచ్చిందని ఆయన రూమ్‌లో ఉండే భూమేశ్ చెప్పాడట. ఆ భూమేశ్ తన ఊరు నిర్మల్‌కు వెళ్లిపోయి మూడు వారాలైంది. అప్పట్నుంచి పెద్దులన్న రొట్టె పెట్టి నక్కను మచ్చిక చేశాడు. ఆదివారం సాయంత్రం చేయి చాపాడు. సోమవారం లీవు పాసైంది. కరిచినా సరే, దాని మహిమ మీద ఆయనకు నమ్మకం పోలేదు.

ఆసుపత్రిలో నర్సు మణికుమారి కాకినాడ ఆవిడ. గాయాన్ని సబ్బుతో, కుళాయి కింద పదిహేను నిమిషాలు కడిగించింది. లీవు సంగతి ఆయన మళ్లీ ఎత్తగానే ఆపేసింది.

"లీవు పోతే ఇంకోటొస్తుంది బాబాయ్. నక్కకి పిచ్చుంటే, ఆ జబ్బు బయటపడ్డాక మందు లేదు."

గాయం చుట్టూ ఒక సూది, భుజానికి ఒక సూది వేశారు. గురువారం ఫ్లైటెక్కే ముందు ఇంకోటి, మిగతావి జగిత్యాలలో అని కార్డు మీద తేదీలు రాసిచ్చింది.

"రిపోర్టు రాస్తవా సారు?" అని బయటికొచ్చాక అడిగాడు.

రాస్తానన్నాను. ఆయన ముఖం తిప్పుకున్నాడు. అక్కడే బెంచీ మీద కూర్చుని రాశాను. కరిచిందని రాశాను, సూది మందు వేశారని, తేదీలు ఇవీ, ప్రయాణానికి అడ్డు లేదని డాక్టరు చెప్పారని కూడా రాశాను. చదివి వినిపించాక నావైపు తిరిగాడు.

అప్పుడు నాకు భూమేశ్ గుర్తొచ్చాడు. అతన్నీ కరిచి ఉంటే? స్పీకర్ పెట్టి ఫోన్ చేశాను. అతను నవ్వాడు.

"నేనేడ ముట్టిన సారు? పెద్దులన్నను ఆటపట్టియ్యాల్నని ఉత్తగనే చెప్పిన."

పెద్దులన్న కొత్త కట్టు వైపు చూసుకున్నాడు.

నేను నమ్మలేదు. వీడియో కాల్ చేసి చేతులు చూపించమన్నాను. అరచేతులు శుభ్రంగా ఉన్నాయి. తిప్పమన్నాను. వెనకా ఏమీ లేదు.

పెద్దులన్న నా భుజం మీదుగా ఫోన్లోకి వంగాడు.

"మోచేతులు సుత చూపియ్యమను సారు. వాని మాట నమ్మరాదు."