అట్ట మీద వేలిముద్రలు

పైలటు రెక్క కింద వంగి, చిన్న గాజు గ్లాసులోకి కొంచెం పెట్రోలు పట్టి వెలుగుకెత్తి చూశాడు. అందులో నీళ్లు కలిస్తే అడుగున బొట్లుగా చేరతాయి. కానీ గ్లాసులో పెట్రోలు ఎంతకీ కుదురుగా నిలవలేదు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, గ్లాసును రెక్కకు ఊతంగా ఉన్న కమ్మీకి ఆనించి మళ్లీ చూశాడు. ఈసారి నిలిచింది. నీళ్లు లేవు.

వణుకు మొదట కుడిచేతిలో కనిపించింది. ఈమధ్య ఎడమ చేతికీ పాకింది. గుండీల చొక్కాలు మానేసి, తల మీంచి తొడుక్కునేవి కొనుక్కున్నాడు. మాట్లాడేటప్పుడు చేతులు జేబుల్లోంచి తీయడు. పోయిన వైద్య పరీక్షనాటికి ఇంత లేదు, వచ్చేదానికి ఇంకా టైముంది. ఎవరూ గమనించలేదనే ఆయన నమ్మకం. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు రోజులు గడుపుతున్నాడు.

పొద్దున అక్క సగం గ్లాసే టీ ఇచ్చింది. చాలాకాలంగా అంతే ఇస్తోంది.

"రోజురోజుకీ పిసినారివైపోతున్నావే అక్కా."

"చాలకపోతే మళ్లీ పోస్తాను, తాగు," అంది అక్క, స్టవ్ వైపు తిరిగే.

అక్క ఇంటి మేడ మీది గది ఆయనది. పెళ్లి కుదిరి ఒకసారి తప్పిపోయింది, మళ్లీ ఎవరూ ఆ ఊసెత్తలేదు. పైలటు కూడా ఎత్తలేదు. విమానం బావది. కుర్రతనంలో దానిలోకి పెట్టెలు ఎక్కించడానికి చేరి, నెమ్మదిగా పక్క సీట్లోకీ, తర్వాత నడిపేవాడు కూర్చునే ఎడమ సీట్లోకీ జరిగాడు. కొండ అవతలి ఊరికి మందులు, పత్రికలు, కోడిపిల్లలు, పెళ్లిబట్టలు, ఒకసారి శవపేటిక కూడా మోశాడు. ఎవరైనా ఉద్యోగం ఏమిటని అడిగితే, రెక్కలున్న లారీ తోలుతానని చెప్పేవాడు.

అక్క కొడుకుకి విమానం నేర్పింది కూడా ఆయనే. పోయిన చలికాలంలో ఆ పిల్లవాడు బావ రెండో విమానంలో బయలుదేరి, మబ్బులో దారి తప్పి కొండకు కొట్టుకున్నాడు. వెతుక్కుంటూ పైకి నడిచినవాళ్లలో మేనమామ అందరికంటే ముందున్నాడు. ముందుగా చూసిందీ ఆయనే. వాణ్ని అక్కడినుంచి మోసుకొచ్చాక కొన్నాళ్లకు చెయ్యి వణకడం మొదలైంది.

ఇప్పుడు బావ మిగిలిన విమానానికి జీపీఎస్ నావిగేటర్ పెట్టిస్తున్నాడు. కొండల్ని ఎర్రగా చూపించి, ఎత్తు చాలకపోతే అరిచి చెప్పే యంత్రం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని బావ తనే అన్నాడు. నడిపేది నువ్వు గనక ఏది కావాలో నువ్వే తేల్చమని బావమరిదికి వదిలేశాడు. బావమరిది మాత్రం నెల తిరిగినా గోడ మీద పిల్లిలాగే ఉన్నాడు.

మెకానిక్ రెండు యంత్రాల కొలతలకూ అట్టముక్కలు కత్తిరించి, వాటి మీద పెన్నుతో బొమ్మ గీసి పైలటు సీటు ముందున్న ప్యానెల్‌కు అంటించాడు. ఒకటి చిన్నది, కింద తిప్పే నాబ్‌లు రెండు. రెండోది వెడల్పాటి టచ్ స్క్రీన్, దాని మీద వేలితో నొక్కే గడులు. నాబ్ అయితే పిడికిలితో పట్టుకోవచ్చు, చెయ్యి వణికినా జారదు. కానీ అదే కావాలంటే ఎందుకని అడుగుతారు. పెద్దదంటే తన వేలు దాని మీద నిలవదు. అందుకే ఆయన రెండింటికీ తలూపుతూ కాలం నెట్టుకొచ్చాడు.

మెకానిక్‌కు ఓపిక అయిపోయింది. ఆయన పైలటు ఈడువాడే. మీసాలకు కూడా గ్రీజు అంటించుకుని తిరిగే మనిషి. ఆరోజు పొద్దున ఆఫీసులోని స్టాంపు ప్యాడ్ తెచ్చి పైలటు ఒళ్లో పడేశాడు.

"కొండ మీద గాలి విసిరికొట్టే చోట వేలు సిరాలో అద్ది పెద్దదాని గడులన్నీ నొక్కు. లోపల పడితే అదే కొందాం, బయట పడితే చిన్నది. ఇవాళ తేలాల్సిందే. రేపు ప్యానెల్ కోస్తున్నా. రేకు ఒకసారి కోశాక మళ్లీ అతకదు."

"సంతకం రానివాడిచేత వేయించినట్టు వేలిముద్రలు వేయిస్తావా?" అని పైలటు నవ్వాడు. మెకానిక్ నవ్వలేదు. ఎగిరే ముందు ఓసారి గాలి జోరు తెలిపే గాలిసంచీ వైపు చూపించాడు. అది కర్రకు అడ్డంగా బిగుసుకుని నిలబడి ఉంది.

వెనక మందుల పెట్టెలు తాళ్లతో బిగించి ఉన్నాయి. నేల విడిచాక పైలటుకు విమానం తిప్పే చక్రాన్ని రెండుచేతులా పట్టుకునే వీలు దొరికింది. అలా పట్టుకుంటే ఒక చేతి వణుకును రెండోది కాస్త ఆపుతుంది. కొండ దగ్గరపడేదాకా ఉపాయం ఆలోచించుకున్నాడు. ఒకటి రెండు గడులు కొంచెం తప్పితే గాలి మీదికి నెట్టేయొచ్చు. చిన్నది కొంటారు. నాబ్ పట్టుకుని ఇంకో రెండు మూడేళ్లు గడిపేయొచ్చు. ఆయన అడిగేది అంతే. కింద ఆయనకు వేరే పనేదీ రాదు.

కొండ మీదికి రాగానే విమానం ఒక్క కుదుపు కుదిపింది. పైలటు కుడిచెయ్యి తీసి వేలు సిరాలో అద్దాడు. ఎడమ చెయ్యి ఒంటరిదైపోయింది. చక్రం వణికింది, చక్రంతోపాటు రెక్కలు వణికాయి. చాచిన వేలు గడిని కాదు గదా, అట్టను కూడా అందుకోలేదు. పక్కనున్న ఎత్తు చూపే గడియారం అద్దం మీద నల్లటి చార పడింది. చార వెనక ముల్లు కిందికి దిగుతోంది. కిటికీలో కొండ రాళ్లు విడివిడిగా కనిపించాయి. ఆయన రెండు చేతులతో చక్రాన్ని ఒళ్లోకి లాక్కున్నాడు. విమానం లేచింది. ఆయనకు భయమేసింది. ఇన్నేళ్లలో గాలికి భయపడ్డాడు, మబ్బుకు భయపడ్డాడు, తన చేతులకు భయపడటం ఇదే మొదటిసారి.

అవతలి ఊళ్లో దిగి, పెట్టెలు దింపేదాకా సీట్లోంచి లేవలేదు. మనుషులు వెళ్లిపోయాక రుమాలును ఉమ్మితో తడిపి అద్దం మీది చార తుడిచాడు. తర్వాత ఎడమ చేత్తో కుడి మణికట్టును గట్టిగా పట్టుకుని, మోచెయ్యి మోకాలికి ఆనించి, వేలు సిరాలో అద్ది మొదటి గడి నొక్కాడు. సరిగ్గా నడుమ పడింది. రెండోది గీత దాటించి వేద్దామనుకున్నాడు. కానీ అదీ నడుమే పడింది. ఎన్నాళ్లయిందో తన వేలు తను చెప్పినచోట పడి. ఆ ముద్రల్ని చూస్తుంటే పాత చెయ్యి తిరిగొచ్చినట్టు అనిపించింది. చెడగొట్టబుద్ధి కాలేదు. గడులన్నీ అలాగే నింపాడు.

తిరుగు ప్రయాణంలో చక్రాన్ని రెండు చేతులా పట్టుకునే ఉన్నాడు. కొండ వైపు చూడకుండా దాటాడు.

సాయంత్రం షెడ్డులో మెకానిక్ ప్యానెల్ మీది పెద్ద అట్టను జాగ్రత్తగా ఊడదీసి, బల్ల దగ్గరి దీపం కింద పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. బయట గాలిసంచీ ఇంకా టపటపా కొట్టుకుంటూనే ఉంది. మెకానిక్ ఫ్లాస్కు మూత తీసి రెండు గ్లాసుల్లో టీ పోశాడు. తన గ్లాసు అంచుదాకా పోసుకున్నాడు. పైలటు గ్లాసులో సగమే పోసి ముందుకు జరిపాడు.

పైలటు గ్లాసు అందుకోలేదు. దానివైపే చూస్తూ నిలబడ్డాడు. పొద్దుటి టీ, దానికి ముందటి రోజు టీ, అంతకుముందువీ అన్నీ గుర్తొచ్చాయి. సగం గ్లాసైతే తొణకదు. అక్క స్టవ్ వైపు తిరిగి మాట్లాడేది ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

"ఎప్పటినుంచి తెలుసు?" అన్నాడు.

మెకానిక్ అట్టను వేలితో తట్టాడు.

"ఇవాళ్టి గాలిలో దేవుడు నొక్కినా వేలు ఇలా పడదు. నాకు అబద్ధం చెప్పావు, సరే. ఆ కొండకి చెప్పగలవా?"

పైలటు తల దించుకున్నాడు.

"మీ అక్క నిన్న ఇక్కడికొచ్చింది," అన్నాడు మెకానిక్ గొంతు తగ్గించి. "మీ బావకి తెలీదు. నీతో తను చెప్పలేనంది. నీకు మిగిలింది ఇదొక్కటేనట, ఇది కూడా తనే ఎలా లాక్కుంటానంది. కానీ ఇంకొకణ్ణి ఆ కొండకి ఇవ్వలేనంది."

పైలటు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చేతులు జేబుల్లోంచి తీసి బల్ల మీద పెట్టాడు. ఇక దాచాల్సిన పని లేదు. అవి వాటి ఇష్టానికి వణికాయి, బల్ల మీది మరమేకులు సన్నగా గలగలలాడాయి. మెకానిక్ చూపు తిప్పుకోలేదు. ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, ఆ సంగతి ఆయనకు పట్టినట్టు లేదు. పైలటుకు ఏడుపు రాలేదు. చాలా అలసటగా మాత్రం అనిపించింది, ఇంత బరువును ఇన్నాళ్లూ తనొక్కడే మోస్తున్నాననుకున్నందుకు.

కాసేపటికి టీ రెండుచేతులా పట్టుకుని తాగాడు. ఒక్క చుక్కా ఒలకలేదు.

"పెద్దదే పెట్టు," అన్నాడు.

మెకానిక్ ఆయన చేతులవైపు చూశాడు.

"నా తర్వాత వచ్చేవాడు ఎవడైనా చిన్నవాడే అయ్యుంటాడు. వాళ్లకి వేళ్లతో అలవాటు. మావాడు బతికుండగా అడిగింది కూడా అదే. బొమ్మ తెచ్చి చూపించాడు. కొండని చూడ్డానికి కళ్లు చాలవా అన్నాను."

ఆ తర్వాత ఇద్దరూ బావకు ఏం చెప్పాలో అనుకున్నారు. పైలటు విమానం దగ్గరికెళ్లి, పొట్టివాడు గనక ఇన్నేళ్లూ వేసుకుని కూర్చున్న దిండును సీట్లోంచి తీసుకున్నాడు. తాళంచెవి మెకానిక్ పనిముట్ల పెట్టె మీద పెట్టాడు. రెక్క కిందుగా వంగి బయటికి వెళ్తూ, అలవాటు కొద్దీ కమ్మీని ఒకసారి తట్టాడు. రోడ్డు మీదికి వెళ్లేదాకా మెకానిక్ తలుపులోనే నిలబడ్డాడు. ఆ పొట్టి మనిషి చంకలో దిండుతో, వేరే ఊరు వెళ్లేవాడిలా నడిచిపోయాడు.

మర్నాడు మెకానిక్ చెప్పినట్టే ప్యానెల్ కోశాడు. తర్వాత పెద్ద యంత్రం కొనుక్కొచ్చాక దాని చోట కూర్చుంది. అట్టముక్క బల్ల వెనక గోడకు ఆనించి అలాగే ఉండిపోయింది, ప్రతి గడి నడుమా ఒక నల్లటి వేలిముద్రతో, గీతగీతా విడిగా, ఎక్కడా చెదరకుండా.