నాయన ఎత్తిన వేలు

నగరి మరమగ్గాల షెడ్డులో ఎవరూ నోరు వాడరు. పదహారు మగ్గాలు ఒక్కసారిగా ఆడుతుంటే పక్కన పిడుగు పడినా తెలియదు. దారం తెగిందని కనుబొమ్మ చెబుతుంది, టీ వచ్చిందని బొటనవేలు చెబుతుంది. మా నాయన మునిరత్నం ఆ షెడ్డులో ఇరవై ఎనిమిదేళ్ళు నేశాడు. చిన్నప్పుడు ఆయనకు క్యారియర్ తీసుకెళ్ళీ తీసుకెళ్ళీ నాకూ ఆ కళ్ళ భాష పట్టుబడింది. అంత తెలిసినదాన్ని, అసలైన రోజున మరిచిపోయాను.

ఆరేళ్ళ కిందట తిరుపతిలో వినికిడి శాస్త్రం చదువుతూ, మగ్గాలు ఆగి ఉండే ఒక ఆదివారం మా షెడ్డులోనే చెవుల పరీక్షలు పెట్టించాను. పని చాలా సులువు. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి సన్నని శబ్దం పంపిస్తాం, వినబడితే వేలెత్తాలి. మా చెయ్యి మీటల మీద కదలడం మాత్రం వాళ్ళకు కనబడకూడదు. అందుకని పరీక్షకు వచ్చిన పదిమంది నేతగాళ్ళనూ పక్కకు తిప్పి కూర్చోబెట్టాను. చివరన వచ్చిన నాయన్ని మాత్రం ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. కూతురు మిషన్ ముందు కూర్చుంటే చూడాలని ఆయనకు, చూపించుకోవాలని నాకు. గర్వం, ఇంకేమీ కాదు.

పదిమంది చెవులూ దెబ్బతిన్నట్టే తేలింది. నాయనవి మాత్రం ఇరవయ్యేళ్ళ కుర్రాడి చెవుల్లా వచ్చాయి. నేను ఎగిరి గంతేశాను.

"పిలిస్తే పలకడు మే మీ నాయన," అని అమ్మ ఎన్నోసార్లు చెప్పింది.

"చెవులు బంగారంలా ఉండాయి. నువ్వు పిలిస్తేనే పలకడు," అని నవ్వేసేదాన్ని. అప్పుడు నవ్విన ప్రతి నవ్వూ ఇప్పుడు గుర్తొస్తుంది.

పోయిన ఏడాది మా యూనివర్సిటీలో వినికిడి, మెదడు మీద పరిశోధనకు పీహెచ్‌డీ సీటు ఒకే ఒక్కటి ప్రకటించారు. నా ప్రతిపాదన మొత్తం నాయన చెవుల మీదే కట్టాను. ఇంత రొదలోనూ కొందరి వినికిడి ఎట్లా నిలబడుతుంది, వాళ్ళ మెదడు ఏం నేర్చుకుంటుంది అన్నదే నా ప్రశ్న. కమిటీకి నచ్చి ఇంటర్వ్యూకు పిలిచారు. ఆ సీటుకు గైడుగా ఉండబోయే జయరామ్ సార్, "ముందు మీ నాయన్ని ఇంకోసారి పరీక్ష చేసి రామ్మా" అన్నారు.

నాయన్ని తిరుపతికి తీసుకొచ్చి శబ్దం చొరబడని గదిలో, ఈసారి పద్ధతిగా పక్కకు తిప్పి కూర్చోబెట్టాను. వేలు లేవలేదు. శబ్దం పెంచాను. లేవలేదు. మిషన్ చెడిపోయిందని తిట్టుకుని, హెడ్‌ఫోన్ నా చెవికి పెట్టి చూసుకున్నాను. బాగానే ఉంది. నాయన్ని నా వైపు తిప్పాను. వెంటనే వేలు లేచింది. శబ్దం పూర్తిగా ఆపేసి, ఉత్తినే భుజం కదిపాను. మళ్ళీ లేచింది.

"నాయనా, నీకేం ఇనబడినాది?"

ఆయన నా పెదాల వైపు చూశాడు. "ఇనబడేదేముండాది పాపా? నీ భుజం కదిలితే సప్పుడు వచ్చినట్టే గదా. షెడ్డులో మేమంతా అట్టే గదా తెలుసుకునేది."

"ఆ పొద్దు కూడా అట్నేనా?"

"అట్నే. నువ్వు రాసుకుంటా, నగతా ఉన్నావు. సరిగ్గా సేస్తాండానని నేనూ ఏలెత్తతానే ఉన్నాను."

ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా దారి లేదు. అబద్ధం ఆడలేదు. కూతురు చెప్పిన పని తనకు తెలిసినట్టు చేశాడు, అంతే.

చెవి నుంచి ఏళ్ళ తరబడి కబురు రాకపోతే మెదడు ఆ చోటును ఖాళీగా ఉంచదు. చూపుకో మరి దేనికో అప్పగించేస్తుంది. ఆ తర్వాత చెవి మిషన్ పెట్టినా, వచ్చిన శబ్దాన్ని మాటగా విడదీసుకోవడం కష్టమవుతుంది. ఇది నేను పరీక్షల్లో రాసి మంచి మార్కులు తెచ్చుకున్న పాఠం. ఆరేళ్ళ కిందటే మిషన్ పెట్టి ఉంటే నాయనకు మాటలు చాలావరకు మిగిలేవేమో.

ఇప్పుడు పెట్టాను. పెదాలు కనబడకుండా నోటికి కాగితం అడ్డం పెట్టుకుని ఇరవై మాటలు చెప్పాను. ఉప్పు, రైలు, బడి, పాలు. రెండే సరిగ్గా చెప్పాడు.

"సప్పుడు వస్తాండాది పాపా. మాట మాత్రం తెలీల్యా," అన్నాడు, తప్పు తనదే అన్నట్టు.

ఇంటర్వ్యూలో దాచలేదు. "మా నాయన చెవుల పరీక్ష గ్రాఫు తప్పు. చేసింది నేనే," అన్నాను.

"మరి నీ ప్రశ్న ఏమైనట్టు?" అని జయరామ్ సార్ అడిగారు.

"పోయింది సార్. ఇప్పుడు వేరే ప్రశ్న ఉంది. ఆలస్యం చేస్తే మెదడు ఎంత పోగొట్టుకుంటుంది, అందులో ఎంత మళ్ళీ నేర్చుకోగలదు? మొదటి మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు."

సీటు నాకే ఇచ్చారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, ఆ ఆకులకు డాక్టరేటు కూడా ఇస్తారని అప్పుడే తెలిసింది.

సీటు ఇచ్చినట్టు వచ్చిన ఉత్తరం పట్టుకుని మధ్యాహ్నం బస్సుకు నగరి వెళ్ళాను. నాయన భోంచేసి వసారాలో కూర్చుని ఉన్నాడు, చెవికి మిషన్ ఉంది. ఎదురుగా కూర్చున్నాను. మామూలుగా చెబితే పెదాలు చూసి ఇట్టే పట్టేస్తాడు. కానీ ఈ ఒక్క మాటైనా చెవితోనే వినాలని నాకు పిచ్చి ఆశ పుట్టింది. ఉత్తరాన్నే నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"నాయనా, నాకు సీటు వచ్చినాది."

ఆయన తల కాస్త పక్కకు వంచి, కళ్ళు చిట్లించి, ఎంతో శ్రద్ధగా విన్నాడు. తర్వాత నన్ను సంతోషపెట్టాలన్నట్టు నవ్వి, కుడిచేతి చూపుడువేలు పైకెత్తాడు.