గురకకు సాక్ష్యం

ఆడిటరుగారు గురక పెడతారని ఆయన భార్యకు పెళ్లయిన కొత్తలోనే తెలిసిపోయింది. ఆయన మాత్రం ఈనాటికీ ఒప్పుకోలేదు. "ఆధారం ఉందా?" అంటారు. ఫోనులో రికార్డు చేసి వినిపిస్తే, చివర్లో వచ్చే సన్నటి ఈలతో సహా అంతా విని, "పక్కింటి మోటారు" అని తేల్చేశారు. నిద్ర పోతే పోయింది గానీ, అబద్ధాలకోరు అనిపించుకోవడం ఆవిడకు మింగుడుపడలేదు. ఆ నోటితో ఒక్కసారి ఒప్పుకుంటే చాలు, అదే పదివేలు.

ఆ సాయంత్రం ఇద్దరూ ఆవిడ మరిది తీసిన సినిమాకు వెళ్లారు. అందులో పాటల్లేవు, మాటల్లేవు. ఒక ముసలాయన ఖాళీ కుర్చీని చూస్తూ కూర్చున్నాడు. కుర్చీ కూడా ఏమీ చెయ్యలేదు. కాసేపటికి ఆడిటరుగారి తల వాలి, గురక మొదలైంది. ఆవిడ లేపబోయి ఆగిపోయింది. ఇంతమంది సాక్షులు మళ్లీ దొరుకుతారా!

దీపాలు వెలగగానే గడ్డం విమర్శకుడొకాయన లేచాడు.

"కుర్చీ దృశ్యంలో ఆ ఊపిరి చప్పుడు! మృత్యువే వచ్చి మన మధ్య కూర్చున్నట్టుంది."

హాలంతా చప్పట్లు. మరిది క్షణంసేపు తెల్లమొహం వేసి, "దానికి చాలా కష్టపడ్డాం" అన్నాడు. ఆవిడకు ఒళ్లు మండిపోయింది.

తర్వాత మరిది అందరినీ జపనీస్ హోటలుకు తీసుకెళ్లాడు. పొట్టి బల్ల ముందు ఆడిటరుగారు మోకాళ్లు మడవలేక అవస్థపడుతూ, పుల్లలతో సుషీ అన్నం ముద్దని పళ్లెమంతా తరుముతున్నారు. విమర్శకుడు, "ఆ చప్పుడు దొంగతనంగా రికార్డు చేసుకున్నాను. దీనికి అవార్డు ఖాయం" అంటూ ఫోను నొక్కాడు. గురక, చివర్లో సన్నటి ఈల.

ఆడిటరుగారి చేతిలోంచి పుల్లలు జారిపోయాయి.

"ఇది నాది! ఆ ఈల నాదే! మా ఇంట్లో రోజూ వస్తుంది!"

"అన్నయ్య భలే జోకులేస్తారు" అన్నాడు మరిది, పాలిపోయిన మొహంతో. బల్లంతా నవ్వింది.

"నువ్వు చెప్పవే! నేను గురక పెడతానా, లేదా?"

ఇన్నేళ్ల తర్వాత ఆ మాట విన్న ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. తీరిగ్గా ముద్ద మింగి, మూతి తుడుచుకుంది.

"మీరు గురక పెట్టడమేంటండీ! ఆధారం ఉందా?"