మర్యాదగా మునగని మనిషి

మా ఊళ్లో స్కౌట్ పిల్లలకు బ్యాడ్జి ఇవ్వని గడప లేదు. వంట బ్యాడ్జి బేకరీ ఆయన ఇస్తాడు. రొట్టె మాడితే పైన గీకేసి, "లోపల బాగానే ఉందిలే" అని సంతకం పెట్టేస్తాడు. రిపేరు బ్యాడ్జి సైకిల్ షాపు ఆవిడది. పంక్చరు వేస్తే చాలు, గాలి మళ్లీ దిగిపోయేలోపే పిల్లల్ని మెచ్చుకుని ఇంటికి పంపించేస్తుంది. ఆసుపత్రి నర్సు, పోస్ట్‌మాన్, పార్కు తోటమాలి, ఎవరిని చూసినా చేతికి ఎముక లేదు. ఆ ఎముకలన్నీ తెచ్చి దేవుడు మా ఆయన చేతిలో పెట్టినట్టున్నాడు.

మా ఆయన మునిసిపల్ ఈతకొలనులో మాస్టారు. నేను అదే కొలను గుమ్మం దగ్గర కౌంటర్లో కూర్చుని టిక్కెట్లు చింపుతాను, తువ్వాళ్లూ ఈత టోపీలూ ఇస్తాను, తడికాళ్లతో పరిగెత్తేవాళ్లను కేకలేస్తాను. ప్రాణరక్షణ బ్యాడ్జికి పరీక్ష పెట్టేది మా ఆయనే. చెప్పుకోవడానికి ఆ పరీక్ష చాలా తేలిక. లోతువైపు ఒక మనిషి మునిగిపోతూ ఉంటాడు. స్కౌట్ యూనిఫాంతోనే దూకి అతణ్ణి గట్టుకు చేర్చాలి. యూనిఫాంతో ఎందుకంటే, నీళ్లలో పడినవాణ్ణి చూసి ఎవరూ ఇంటికెళ్లి బట్టలు మార్చుకుని రారు కదా!

వేరే ఊళ్లలో ఆ మునిగే మనిషి వేషం ఎవరో ఒక కుర్రాడు వేస్తాడట. బుద్ధిగా తేలుతూ, రండి రక్షించండి అన్నట్టు చెయ్యి అందిస్తాడట. మా ఊళ్లో ఆ వేషం మా ఆయనదే. "మునిగేవాడు మర్యాదగా మునగడు" అంటాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నిజంగా మునిగిపోతున్న మనిషి ఒకడు ఈయన మెడ వాటేసుకున్నాడు. ఆ పట్టు ఎలా ఉంటుందో ఈయనకు తెలుసు. అందుకని దగ్గరికొచ్చిన పిల్లల మెడ పట్టుకుంటాడు, భుజాల మీదికి ఎక్కుతాడు, తన బరువంతా వాళ్ల మీద వేస్తాడు. ఆ బరువు సంగతి రోజూ వండిపెట్టే నాకు తెలుసు. పిల్లలు నీళ్లు తాగి, దగ్గుకుంటూ గట్టెక్కుతారు. ఇంతవరకు ఆ బ్యాడ్జి ఒక్కరికీ రాలేదు. ఊళ్లో ఆయనకు మొసలి మాస్టారని పేరు. నాకు మొసలమ్మ అని పేరు పెట్టారని ఈమధ్యే తెలిసింది. మధ్యలో నేనేం పాపం చేశాను?

ఈ ఏడాది స్కౌట్ల పైకమిటీ నుంచి కబురొచ్చింది. ఈసారి కూడా ఎవరూ నెగ్గకపోతే ఈ పరీక్ష మా ఊళ్లో ఎత్తేస్తారట. కావలసినవాళ్లు పెద్ద ఊరి క్యాంపుకు వెళ్లి పరీక్ష ఇచ్చి రావాలట. పరీక్ష చూడటానికి ఆదివారం ఒక పెద్దమనిషి వస్తున్నాడు.

ఊరంతా ఈ మాట విని మా ఆయన్ని తిట్టుకుంది. నేను చీపురుపుల్ల అని పిలిచే పిల్ల మాత్రం తిట్టలేదు. కొలనుకు వచ్చి లోతువైపు ఈదుకుంటూ పోయింది.

చీపురుపుల్ల మా పక్కింటి పిల్ల. మనిషి అంత సన్నం. వాళ్లమ్మ సిటీ బస్సు డ్రైవరు, నన్ను వదినా అంటుంది, కాబట్టి నేను ఆ పిల్లకు అత్తను, మా ఆయన మామయ్య. మాది రక్తసంబంధం కాదు, గోడసంబంధం. ఆ పిల్లకు ఉన్న కోరిక ఒక్కటే. కొలను పక్కన లైఫ్‌గార్డు కూర్చునే ఎత్తు కుర్చీలో కూర్చోవాలి. ప్రాణరక్షణ బ్యాడ్జి ఉన్న స్కౌట్‌ను చిన్నపిల్లల ఈత వేళకు అందులో కూర్చోబెట్టవచ్చని కొలను రూలు. రెండుసార్లు పరీక్షకు దిగింది, రెండుసార్లూ మా ఆయన దాని మెడ పట్టుకుని ముంచేశాడు. వచ్చే నెలతో పరీక్షకు వయసు దాటిపోతుంది. ఈ ఆదివారం పోతే ఆ కుర్చీ ఇక ఆమెకు లేనట్టే.

పరీక్ష ముందురోజు మధ్యాహ్నం వాళ్లమ్మ డ్యూటీ బట్టల్లోనే కౌంటరు దగ్గరికొచ్చింది.

"వదినా, అన్నయ్యతో ఒక్క మాట చెప్పు."

"ఏమని?"

"రేపొక్కరోజు కాస్త మెత్తగా మునగమని."

నాకు నవ్వొచ్చింది గానీ ఆమె మొహం చూసి మింగేశాను.

"బస్సెడు జనాన్ని అదుపు చేస్తాను వదినా. కిందటిసారి ఓడిపోయొచ్చినప్పుడు దీన్ని ఓదార్చడం మాత్రం నా వల్ల కాలేదు. నా కూతురని కాదు, ఎంత కష్టపడిందో నువ్వూ చూశావుగా," అంది.

చూడకేం? నేను వెనకగదిలోకి వెళ్లాను. మా ఆయన క్యారియరు విప్పుకుని కూర్చున్నాడు.

"ఏమండీ, రేపు కాస్త మెత్తగా మునగండి."

"మెత్తగా మునగడమేంటే? నేనేమైనా దూదిపరుపునా?"

"ఆ పిల్ల మెడ పట్టుకోకండి. అంతే!"

"నిజంగా ఎవడో మునిగిపోతుంటే వాడితో కూడా నువ్వే చెప్తావా, మెడ పట్టుకోకు నాయనా అని?"

"రేపు ఎవరూ నెగ్గకపోతే పరీక్షే ఉండదు. అప్పుడెవరి మెడ పట్టుకుంటారు? నా మెడా?"

ఆయన నోటిదాకా వచ్చిన ముద్ద ఆగిపోయింది. "దాన్ని ఆ కుర్చీలో చూడాలని నాకు మాత్రం లేదా? కానీ కుర్చీ ఎక్కాక ఎవరో ఒకరు దాని మెడ పట్టుకుని ముంచేస్తే, వాళ్లమ్మకు నా మొహం ఎలా చూపించను?" అన్నాడు.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషితో ఏం వాదిస్తాం? విసుక్కుంటూ వెనక్కి తిరిగాను. గుమ్మంలో చీపురుపుల్ల నిలబడి ఉంది, తడిజుట్టు భుజాల మీద కారుతూ. అంతా విన్నది.

"అత్తా, మాస్టారు మెత్తగా మునిగితే ఆ బ్యాడ్జి నాకొద్దు. అమ్మక్కూడా చెప్పు," అంది.

మా ఆయన తల ఎత్తకుండానే అన్నాడు: "రేపు జడ బిగించి వేసుకురా. జుట్టు కూడా పట్టుకుంటాను."

"పట్టుకోండి చూద్దాం," అని వెళ్లిపోయింది. ఇద్దరికిద్దరూ సరిపోయారు! మధ్యలో నేనూ వాళ్లమ్మా గుండెలు బాదుకోవాలి.

ఆదివారం కొలను మెట్లన్నీ జనమే. వచ్చిన పెద్దమనిషి ప్యాంటు ఇస్త్రీ మడత కత్తిలా ఉంది. మెళ్లో విజిలు వేలాడుతోంది. పరీక్ష ముగించాలంటే ఆయన విజిలు వేస్తాడు. మా ఆయన లోతువైపు దిగి, చేతులు కొట్టుకుంటూ, నీళ్లు మింగుతూ, భయంకరంగా మునగడం మొదలుపెట్టాడు. వీధినాటకాల్లో చేరి ఉంటే ఈపాటికి పేరొచ్చేది.

ముందు బేకరీ ఆయన కొడుకు దూకాడు. పోటీల్లో కప్పులు తెచ్చిన పిల్లాడు. జనం చప్పట్లు కొడుతుంటే ఛాతీ పొంగించుకుని బాణంలా తిన్నగా మా ఆయన దగ్గరికి పోయాడు. మా ఆయన వాడి మెడ వాటేసుకున్నాడు. ఇద్దరూ బుడుంగున మునిగారు. విజిలు మోగింది. తర్వాత నర్సు కూతురు. తెలివిగా వెనకనుంచి వచ్చింది గానీ, మా ఆయన గిర్రున తిరిగి మీద పడ్డాడు. మళ్లీ విజిలు. మెట్ల మీద సణుగుడు మొదలైంది. "ఈ మనిషికి పిల్లలంటే పగ" అని ఎవరో అన్నారు. నాకు వినబడాలనే అన్నారు.

ఇక మిగిలింది చీపురుపుల్ల ఒక్కతే. బూట్లు విప్పింది. నీళ్లలో అడ్డమని మిగతావాళ్లందరూ మెడలోని స్కార్ఫ్ తీసి బూట్లలో కుక్కి దూకారు. ఈ పిల్ల స్కార్ఫ్ తీసి మణికట్టుకు చుట్టుకుంది. కంగారులో ఏం చేస్తోందో దానికే తెలియడం లేదనుకున్నాను. దూకింది.

నా నోరు నా అదుపులో లేదు. "మీ మొండితనం మండిపోనూ! వదలండి దాన్ని!" అని అరిచాను. ఆయన ఇంకా పట్టుకోనే లేదు. జనమంతా నావైపు తిరిగి చూశారు.

ఆ పిల్ల మా ఆయన చేతికి అందేటంత దగ్గరికి రాలేదు. ఇవతలే ఆగిపోయింది. నీళ్లలో కాళ్లాడిస్తూ, ఆయన కళ్లలోకి చూస్తూ, గట్టిగా అంటోంది: "నేనున్నాను. ఇటు చూడండి. మీకేం కాదు."

మా ఆయన ఒక్కసారిగా మీదికి ఉరికాడు. ఆమె వెనక్కి జరిగింది. మళ్లీ ఉరికాడు. మళ్లీ జరిగింది. "అయ్యో, భయపడిపోయింది పాపం" అన్నారెవరో. నా పక్కనే ఉన్న చీపురుపుల్ల వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుని గోళ్లు దిగేలా నొక్కేసింది. పెద్దమనిషి విజిలు నోటికి ఆనించాడు. ఒరే నాయనా, ఒక్క క్షణం ఆగరా అని మనసులోనే దండం పెట్టుకున్నాను.

అప్పుడు చీపురుపుల్ల మణికట్టు విదిలించింది. స్కార్ఫ్ విప్పుకుని నీళ్ల మీద పరుచుకుంటూ వచ్చి మా ఆయన మొహానికి తగిలింది. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినా వదలడంటారు. ఆయన దాన్ని రెండు చేతులా పట్టేసుకున్నాడు. పట్టుకున్నవాడు ఊరుకుంటాడా? గుడ్డ పట్టుకుని ఒక్కొక్క గుప్పెడే లాక్కుంటూ ఆ పిల్లవైపు పాకడం మొదలుపెట్టాడు. ఇంకొంచెమైతే మెడ అందుతుంది. నేను కళ్లు మూసుకోబోయాను.

ఆ పిల్ల గుడ్డ వదిలేసింది. లాగుతున్నవాడు లాగుతున్నట్టే వెనక్కి పడ్డాడు. స్కార్ఫ్ ఆయన గుప్పిళ్లలోనే ఉంది, రెండో కొస భుజం మీదుగా వెనక్కి తేలింది. చీపురుపుల్ల చేపలా చుట్టు తిరిగి వెళ్లి, వెనకనుంచి ఆ కొస అందుకుంది. లాగింది. మా ఆయన వెల్లకిలా అయిపోయాడు. మొహం నీళ్లపైన, బొజ్జ నీళ్లపైన, చేతులు గుడ్డకు అతుక్కుని. వదిలేద్దామంటే మునిగేవాడు వదలడు కదా! వెనక్కి తిరిగి పట్టుకుందామంటే ఆమె అందదు. కాళ్లు తపతపా కొట్టాడు, మెలికలు తిరిగాడు, నీళ్లన్నీ చిమ్మి ముందువరసవాళ్లను తడిపాడు. ఆ పిల్ల పట్టించుకోలేదు. ఊపిరి ఎగపోస్తూనే మాట్లాడుతోంది: "అలాగే పట్టుకోండి. వచ్చేశాం. ఇదిగో, వచ్చేశాం."

ఆయన తల గట్టుకు తగిలింది. ఆ పిల్ల పైకెక్కి, ఆయన చేతిని గట్టు అంచు మీద పెట్టి, పైన తన కాలుతో నొక్కిపెట్టింది. జారిపోకుండా!

పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. "బాగానే ఉంది గానీ, గుడ్డతో లాగింది. మనిషిని చేత్తో పట్టుకోలేదు. ఇది చెల్లుతుందా అని..."

అప్పటికి మా ఆయన గట్టెక్కి చతికిలబడి దగ్గుతున్నాడు. ఆ దగ్గులోంచే గర్జించాడు. "నేనెక్కడున్నానండీ?"

"గట్టు మీద."

"ఆ పిల్లెక్కడుంది?"

"గట్టు మీదే."

"ఇద్దరం ఊపిరి పీలుస్తున్నామా, లేదా?"

పెద్దమనిషి ఒప్పుకోలుగా తలూపాడు.

"ఇంక పరీక్షంటే ఏంటండీ? నేను మెడ పట్టుకుంటానని ఈ ఊళ్లో ఎవరికి తెలీదు? తెలిసి కూడా ప్రతివాళ్లూ ధైర్యం చూపించడానికొచ్చి మెడ నా చేతికిచ్చారు. దూరంగా ఆగండర్రా, ఆగి ఆలోచించండర్రా అని రోజూ సాయంత్రం ఈత క్లాసులో గొంతు చించుకుంటున్నాను. చప్పట్లు వినబడగానే అందరూ మర్చిపోయారు. ఇదొక్కతే ఆగింది! అందరూ భయపడిందంటుంటే కూడా ఆగింది!"

పెద్దమనిషి చీపురుపుల్లవైపు తిరిగాడు.

"నిజం చెప్పమ్మా. మాస్టారు నీకోసం ఏమైనా మెత్తబడ్డారా?"

"ఆయనా?" అంది ఆ పిల్ల. "కిందటిసారికంటే ఎక్కువ చేశారండీ. కాలు కూడా పట్టుకోబోయారు!"

మెట్లన్నీ ఒక్కసారిగా నవ్వాయి. పెద్దమనిషి కూడా నవ్వేసి, విజిలు తీసి, బుగ్గలు ఉబ్బించి ఊదాడు. అలాంటి పొడుగు విజిలు నేనెప్పుడూ వినలేదు. "బ్యాడ్జి ఇచ్చేయండి మాస్టారూ. పరీక్ష ఎక్కడికీ పోదు. మీ ఊళ్లోనే ఉంటుంది," అన్నాడు.

ఆ తర్వాత ఎవరేం చేశారో నాకు సరిగ్గా తెలియదు. వాళ్లమ్మ డ్యూటీ బూట్లతోనే తడిగట్టు మీద పరిగెత్తింది. పరిగెత్తొద్దని కేకలేయాల్సినదాన్ని నేనే, ఆమె వెనకాలే పరిగెత్తాను. ఆ పిల్లను ఇద్దరం చెరోవైపు వాటేసుకుని సంతోషం పట్టలేక ఏడ్చాం. నా పెళ్లిలో కూడా అంత ఏడవలేదు. ఇందాక సణిగినవాళ్లే మా ఆయన చేతులు పట్టుకుని ఊపేస్తున్నారు. బేకరీ ఆయన కొడుకూ నర్సు కూతురూ బూట్లలోంచి స్కార్ఫులు లాగి పరిగెత్తుకొచ్చారు.

"మాస్టారూ, మేమూ మళ్లీ దిగుతాం!"

"దిగండి. ఈసారి గుడ్డ పట్టుకుంటానని నమ్మకమేంటి?" అంటూ ఆయన అప్పుడే మళ్లీ నీళ్లలోకి జారాడు.

తర్వాతి ఆదివారం చిన్నపిల్లల ఈత వేళ. కౌంటర్లోంచి చూస్తే ఎత్తు కుర్చీలో చీపురుపుల్ల కనబడుతోంది. చొక్కా చేతికి కొత్త బ్యాడ్జి, వీపు నిటారుగా, చూపు నీళ్ల మీద. తల్లులందరూ మెట్ల మీద నిశ్చింతగా కబుర్లలో పడ్డారు. వాళ్లమ్మ బస్సు రోడ్డు మీద పోతూ పోతూ ఒకసారి హారన్ కొట్టింది. ఆ పిల్ల అటు తల తిప్పలేదు.

ఉన్నట్టుండి విజిలు మోగింది. ఎవరో పిల్లాడు అల్లరి చేశాడనుకున్నాను. కాదు, చీపురుపుల్ల వేలు మా ఆయనవైపు ఉంది.

"మాస్టారూ! టోపీ లేకుండా నీళ్లలోకి దిగకూడదు. బయటికి రండి!"

ఇన్నేళ్లలో నేను ఎన్నిసార్లు మొత్తుకున్నా వినని మనిషి. పిల్లలందరూ చూస్తుండగా నోరెత్తకుండా గట్టెక్కి, నీళ్లోడుతూ నా కౌంటరు దగ్గరికొచ్చాడు.

"ఒక టోపీ ఇవ్వవే," అన్నాడు గుసగుసగా. "ఆ నవ్వేదో తర్వాత నవ్వుదువుగాని. త్వరగా ఇయ్యి, పైనుంచి చూస్తోంది."