తలబరువు

దుకాణం ఆరింటికి మూస్తారు. అప్పటికి రెండున్నరయింది. మా మనవరాలు కొత్త గిటారును పెట్టెలో పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. పెట్టె పట్టుకుని నా పనిగది గుమ్మంలోకి వచ్చింది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట.

నచ్చకపోతే వారంలోగా తెమ్మన్నారు దుకాణంవాళ్ళు. ఆ రోజుతో వారం. మర్నాడు పొద్దున ఒక పాటల జట్టువాళ్ళు గిటారు వాయించే మనిషిని ఎంచుకుంటారు. ఏడాదిగా ఈ పిల్ల ఎదురుచూసింది దానికోసమే. ఇప్పుడు గిటారు వెనక్కి ఇచ్చేస్తానంటోంది. రేపు వెళ్ళనంటోంది. తన చెయ్యే మొద్దుబారిపోయిందట.

పాత ఎలక్ట్రిక్ గిటారు నేను చేసిందే. బీరువాలూ మంచాలూ చేసి బతికినవాణ్ణి. పని తగ్గించుకున్నాక, మిగిలిన టేకు ముక్కలతో చేశాను. ఈమధ్య దాని మెడ మొదట్లో చీలింది. రెండుసార్లు అతికించాను. మూడోసారి అతుకు నిలవలేదు.

కొత్తది ఎంచింది మా అల్లుడు. దుకాణాల్లో తక్కెడలు సరిచూసే ఉద్యోగం అతనిది. గ్రాము తేడా వస్తే అన్నం సయించని మనిషి. పాతదాని మెడ మందం, వెడల్పు, తీగల పొడవు, ఎత్తు అన్నీ కొలిచి కాగితం మీద రాసుకున్నాడు. అవే కొలతలున్న గిటారు కోసం నెలరోజులు వెతికాడు. బరువు కూడా కలిసింది. అదీ మూడు కిలోల నాలుగు వందలు, ఇదీ మూడు కిలోల నాలుగు వందలు. అతని సంబరం చూడలేక మా అమ్మాయి ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించింది.

వచ్చిన మర్నాటినుంచీ గిటారు నా బల్ల మీదే ఉంది. ఎక్కడ ఇబ్బంది అని అడిగితే అంతా అంటుంది పిల్ల. ఉలి తగలకూడదు, ఆకురాయి తగలకూడదు, గీత పడితే దుకాణంవాళ్ళు తీసుకోరు అని అల్లుడి ఆజ్ఞ. కాబట్టి మరలు మాత్రం తిప్పాను. తీగలు దించాను, ఎత్తాను, మెడ వంపు సరిచేశాను. తీసుకెళ్ళేది. పావుగంటకు మళ్ళీ తెచ్చేది.

ఆ మధ్యాహ్నం అల్లుడు సెలవు పెట్టి మరీ వచ్చాడు, ఫ్రిజ్ మీది కాగితం ఊడదీసుకుని. అతను ఒక్కో అంకె చదువుతాడు. నేను కొలిచి సరే అంటాను. వెంట్రుకవాసి తేడా లేదు. పిల్ల కిటికీకీ గుమ్మానికీ మధ్య తిరుగుతోంది. తిరుగుతూ ఎడమ భుజం రుద్దుకుంటోంది.

తీగలు నొక్కితే నొప్పెట్టాల్సింది వేళ్ళు.

"భుజం ఎప్పట్నించి?" అన్నాను.

"ఇది వచ్చినప్పట్నించే. అదేం కాదులే తాతయ్యా, వదిలెయ్యి."

నామీద నాకే చిరాకేసింది. ఏ చెక్కనైనా బల్ల మీద పడుకోబెట్టి కొలవడం నా అలవాటు. బీరువా తలుపునీ అలాగే కొలిచాను, దీన్నీ అలాగే కొలిచాను. ఇది పడుకునే వస్తువు కాదు. నిలబడ్డ మనిషి భుజాన వేలాడే వస్తువు.

బెల్టు తగిలించుకోమన్నాను. తగిలించుకుంది.

"చేతులు రెండూ వదులమ్మా."

"పడిపోద్ది."

"నేనున్నాగా. వదులు."

వదిలింది. గిటారు తల మెల్లగా వాలి నేల చూపులు చూసింది. బల్ల అంచుకు తగలకముందే పట్టుకున్నాను. వారం నుంచీ ఈ పిల్ల ఎడమచెయ్యి ఒకపక్క తీగలు నొక్కుతూ, ఇంకోపక్క ఆ తలను మోస్తోందన్నమాట. చీలిన పాతదాని మెడకు తాడు చుట్టి పిల్ల భుజాన వేసి చూశాను. చేతులు వదిలినా ఉన్నచోటే ఉంది.

అల్లుడు కాగితం అటూ ఇటూ తిప్పాడు. "బరువు సరిపోయింది కదా మామయ్యా. పది గ్రాముల తేడా కూడా లేదు."

"ఎంతుందో చూశాం. ఎక్కడుందో చూళ్ళేదు."

కొత్తదాని ఒళ్ళు తేలిక చెక్క. తీగలు బిగించే బిరడాలు మాత్రం లావుపాటి లోహం. అవి ఆరూ తల మీదే కూర్చున్నాయి.

"దీనికి తలబరువు, బాబూ."

"తలబిరుసా?"

"తలబిరుసు నీ కూతురికి. దీనిది తలబరువు."

పిల్ల నవ్వింది. వెంటనే గడియారం చూసి నవ్వు ఆపేసింది. నాలుగు దాటింది.

బెల్టు తగిలించే గుండీ మెడ మొదట్లో, వెనకవైపు ఉంది. దాన్ని, మెడ పక్కన పొడుచుకొచ్చిన పైకొమ్ము చివరికి మారిస్తే తూగు కుదరాలి. తాడుతో కొమ్ముకు కట్టి చూశాను. కాసేపు నిలిచింది, తాడు జారింది. నమ్మకంగా చెప్పలేను. తేలాలంటే కొమ్ముకు బెజ్జం వెయ్యాలి.

"బెజ్జం పడితే ఇంక వెనక్కి ఇవ్వలేం," అన్నాడు అల్లుడు. కూతుర్ని చూసి కాదు, కాగితాన్ని చూసి.

పిల్ల కిటికీ దాకా వెళ్ళింది, తిరిగొచ్చింది, మళ్ళీ వెళ్ళింది. పెట్టె మూత కాలితో మూసింది.

"వెయ్యి తాతయ్యా."

రంగు పెచ్చులేవకుండా టేపు అంటించి, చేత్తో తిప్పే డ్రిల్లుతో బెజ్జం వేశాను. గుండీ బిగించాను. భుజాన వేసుకుని చేతులు వదిలింది. తల బొటనవేలంత దిగి ఆగింది. ముగ్గురం దాన్నే చూస్తూ నిలబడ్డాం. ఇంక దిగలేదు.

వాయించడం మొదలుపెట్టింది. వేగంగా పోవాల్సిన చోట తప్పింది. ఆగి, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. అక్కడే తప్పింది. అల్లుడి మొహం మాడిపోయింది. నా చూపు బెజ్జం మీదికి పోయింది.

"ఇది నా తప్పే," అంది పిల్ల. "అక్కడ తొందరపడుతున్నా. గిటారేం చెయ్యట్లేదు."

తప్పు తనదని అంత సంతోషంగా చెప్పుకున్న మనిషిని నేను చూడలేదు. మూడోసారి మొదలుపెట్టింది, ఈసారి నెమ్మదిగా. అల్లుడు కాగితంలో బరువు పక్కన ఏదో రాయబోయాడు. ఏ అంకె వెయ్యాలో తోచక పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

ఆరయ్యేసరికి ఆ చోటును నాలుగుసార్లు దాటింది, ఒకసారి తప్పింది. వాయించడం ఆపకుండానే, రేపటికి నల్ల చొక్కా ఇస్త్రీ చేసిపెట్టమని వాళ్ళమ్మకు కేకేసింది.