వేలి వెనకవైపు

మెయిన్ బోర్డు నుంచి ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకున్నాకే రూప్లా వంటగదిలోకి వెళ్లాడు. ఏ ఇంట్లో సామాను విప్పినా ఆ ఇంటి ఫ్యూజు తన జేబులో ఉండాలి. మోతె దగ్గరి తండా నుంచి సూర్యాపేట వచ్చి, రేడియోలు బాగుచేయడం మొదలుపెట్టిన నాటి అలవాటు. రేడియోలు పోయి టీవీలొచ్చాయి. ఇప్పుడు కోదాడలో, పాత గిరాకీ సరోజనమ్మ ఇంట్లో, ఆమె తమ్ముడు బొంబాయి నుంచి తెచ్చిన ఓవెన్.

బటన్లు నొక్కితే పలకని కంట్రోల్ బోర్డు ఊడదీసి కొత్తది బిగిస్తున్నాడు. ఎడమచేతి వేళ్లు సన్నటి వైర్లను పట్టుకుంటున్నాయి గానీ పట్టుకున్నట్టు తెలియడం లేదు. వానాకాలం నుంచీ ఇంతే. తడి వల్లేననుకున్నాడు. భార్య సాలికి కూడా చెప్పలేదు. చెయ్యి పోయిందని తెలిస్తే ఇక ఎవరు పిలుస్తారు? స్క్రూ జారి కింద పడింది. వంగి వెతుక్కున్నాడు.

“ఏంది రూప్లా, ఒకటే చెమటలు తుడుచుకుంటున్నావ్. నా ఓవెన్ బతుకుద్దా?”

“బతుకుతదమ్మా. జర ఆగు.”

మూత బిగించి, ఫ్యూజు పెట్టి వచ్చి, స్విచ్చి వేసి, ఓవెన్ ఒంటికి ఎడమ వేలి వెనకవైపు ఆనించాడు. కరెంటు కారుతుంటే అక్కడ జివ్వుమంటుంది. ఎన్నేళ్లుగానో అతని ఆఖరి పరీక్ష అదే. జివ్వుమనలేదు.

“షాక్ లేదమ్మా.”

గాజు గ్లాసుతో నీళ్లు లోపల పెట్టి బటన్ నొక్కాడు. అంకెలు వెలిగాయి. అది కూతపెట్టి ఆగాక ఎడమచేత్తో గ్లాసు బయటికి తీశాడు. వేడి తగల్లేదు.

“కాగలేదమ్మా. కొత్త బోర్డు గూడ ఖరాబుదేమో.”

“పొగలొస్తుంటే కాగలేదంటావేంది? ముందా గ్లాసు కింద పెట్టు. వేళ్లు చూడు.”

వేళ్లు ఎర్రగా కమిలి ఉన్నాయి. ఇందాక జివ్వుమనని వేలూ వాటిలోనే ఉంది. సరోజనమ్మ ఓవెన్‌ను గోడకు జరపబోయింది.

“ముట్టకమ్మా.”

సంచిలోంచి టెస్టర్ తీసి ఓవెన్ ఒంటికి ఆనించాడు. పిడిలోని బల్బు ఎర్రగా వెలిగింది.

మళ్లీ ఫ్యూజు జేబులోకి వచ్చింది. మూత విప్పితే, ఎర్తు వైరు బిగించకుండా వేలాడుతోంది. కుడిచేత్తో బిగించాడు. ఫ్యూజు పెట్టి టెస్టర్ ఆనించాడు. బల్బు వెలగలేదు. అయినా రెండుసార్లు చూశాడు.

“మళ్లీ ఏదన్నా పోతే కబురంపుతాలే,” అందామె, అతని ముఖం చూసి.

“ఇగ నాకు పంపకమ్మా. వేలు సెప్తలేదు. గీడనే కోదాడల ఎవరినన్న పిలువు. ఎవరు బాగుచేసినా, ఈ టెస్టర్ పెట్టి సూసినంకనే ముట్టు.”

సంచి భుజాన వేసుకుని బస్టాండు వైపు నడిచాడు. ఓవెన్ మీద, బొటనవేలు ఆనే చోట పిడి అరిగిన టెస్టర్ ఉంది.