తాపని నీళ్ళు

పని నుంచి వచ్చిన భాగీరథి ముందు గుమ్మంలోంచి ఇంట్లోకి పోకూడదు. పక్క సందులోంచి పెరట్లోకి పోయి, చేతిసంచి గోడ మీద పెట్టి, తడిక వెనక చన్నీళ్ళు పోసుకుని, కట్టిన చీర అక్కడికక్కడే జాడించి ఆరేసి, పొడి చీర చుట్టుకున్నాకే వంటింట్లో అడుగు పెట్టాలి. ఎండాకాలమైనా, యలహంకలో మంచు దిగి పళ్ళు కొట్టుకునే కాలమైనా అదే వరస. దండెం మీద పొడి చీర వేసిపెట్టేది తోడికోడలు జయమ్మ. చంటిబిడ్డ తల్లి, ఒక్కోరోజు మరిచిపోయేది. అప్పుడు భాగీరథి తడి ఒంటితో తడిక వెనక నిలబడి, "జయా, చీర" అని పిలుస్తూ ఉండేది. జయమ్మ కంటే ముందు అత్త సొన్నమ్మ పలికేది.

"వచ్చినాదమ్మా, ఊర్లో బిడ్డల పియ్యంతా ఎత్తిపెట్టి! పొయ్యి కాడికి రాకముందే తలకి పోసుకోమను."

వచ్చీ రాగానే పొయ్యి దగ్గరికి పోవాల్సింది మాత్రం భాగీరథే. జయమ్మకి బిడ్డ ఉంది, సొన్నమ్మకి మోకాళ్ళ నొప్పులు. మామగారి పట్టుమగ్గాల దగ్గర పనిచేసేవాళ్ళకి కూడా రాగిముద్ద ఈ ఇంట్లోనే కెలకాలి. పెళ్ళైన కొత్తలో ఎమ్మెస్సీ చదివిన కోడలని వీధంతా చెప్పుకున్నారు. ఆ చదువు ఎందుకు పనికొస్తుందో తెలిశాక చెప్పుకోవడం మానేశారు. ఆమె తెచ్చే జీతం కవరుకి మాత్రం ఎవరూ స్నానం చేయించలేదు.

పట్నంలోని పెద్ద పిల్లలాసుపత్రిలో, వాంతులూ భేదులతో వచ్చే పసిబిడ్డల మీద పరిశోధన చేసే విభాగంలో భాగీరథి పనిచేస్తోంది. ఏ క్రిమి వల్ల ఈ రోగం వస్తోంది, ఏ కాలంలో ఎక్కువ, ఏ వయసు బిడ్డలకి ఎక్కువ అన్నది తేల్చడం వాళ్ళ పని. పొద్దున్నే వార్డుకి పోయి, తల్లుల పక్కన కూర్చుని వివరాలడిగి, బిడ్డల విరేచనాలు చిన్న సీసాల్లో పట్టుకుని, లాబరేటరీకి తెచ్చి పరీక్షించాలి. మొదట్లో ఆ వాసన అన్నం ముద్దలో కూడా వచ్చేది. తర్వాత వాసన పోయింది, బిడ్డల మొహాలు మిగిలాయి. లోపలికి పోయిన కళ్ళు, గుంట పడిన మాడు, ఏడుద్దామంటే కన్నీళ్ళు లేని ఏడుపు. ఆ తల్లులతో మాటలు కలిపిన కొద్దీ ఆమెకొక సంగతి మళ్ళీ మళ్ళీ వినబడసాగింది. భేదులు మొదలవగానే ఇంట్లో పెద్దవాళ్ళు బిడ్డకి నీళ్ళు ఆపేశారు. నీళ్ళు తాగితే ఇంకా పోతుందని భయం. ప్రేమతోనే ఆపారు. ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తూ ఆపారు.

విభాగానికి పెద్ద డాక్టర్ శ్రీకంఠయ్య. ఆయన దగ్గరికి పోయి, "సార్, ఇంట్లో నీళ్ళిచ్చారా లేదా అన్నది కూడా అందరినీ అడిగి రాసుకుందాం. చనిపోయే బిడ్డల్లో చాలామందికి..." అని మొదలుపెట్టింది.

ఆయన మైక్రోస్కోపు మీంచి తలెత్తకుండానే నవ్వాడు. "భాగీరథీ, మనం వెతికేది క్రిమిని. చక్కెరా ఉప్పూ నీళ్ళూ ఇవన్నీ అడుగే ఇంటి సంగతులు, వంటింటి సంగతులు. అవి నర్సులు చూసుకుంటారు. నువ్వు సైంటిస్టువి, ముసలి అజ్జిలా మాట్లాడకు."

పక్కనున్న కుర్ర డాక్టర్లు కూడా నవ్వారు. ఇంట్లోనేమో స్నానం చెయ్యందే ఆమె వంటిల్లు తాకకూడదు, ఇక్కడేమో ఆమె నోటివెంట వంటింటి మాట రాకూడదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ సాయంత్రం ఆమె అదే అనుకుంది. తను మాట్లాడే చోటు ఈ రెండిటి మధ్యా ఎక్కడన్నా ఉందా? మెజెస్టిక్ బస్టాండు నుంచి యలహంకకి పోయే ఈ బస్సొక్కటేనేమో. ఇందులో ఎవరూ ఏమీ అడగరు.

ఎనభై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో జయమ్మ కూతురు గౌరికి భేదులు పట్టుకున్నాయి. బిడ్డకి ఇంకా ఏడాది నిండలేదు. జయమ్మ మొగుడు పట్టునూలు బేరానికి ధర్మవరం పోయి ఉన్నాడు. ఆ సాయంత్రం భాగీరథి స్నానం చేసి లోపలికి వచ్చేసరికి బిడ్డ తల్లి భుజం మీద తడిగుడ్డలా వాలి ఉంది. జయమ్మ చీర కుచ్చెళ్ళన్నీ తడిసి ఉన్నాయి.

"ఎప్పటినుంచి?"

"పొద్దున్నుంచీ అక్కా. పాలు తాపితే కక్కుతా ఉండాది. అత్త నీళ్ళు కూడా వద్దన్నాది."

భాగీరథి పోయి నీళ్ళు కాచి చల్లార్చి, ఉప్పూ చక్కెరా కలిపి, గ్లాసూ చెంచా పట్టుకుని వచ్చింది. సొన్నమ్మ లేచి అడ్డం నిలబడింది.

"ఏమిటికే అది? పళ్ళొచ్చే బిడ్డకి భేదులు కాకుండా ఉంటాయా? కడుపు ఎండబెడితే అదే నిలస్తాది. నీళ్ళు తాపితే నీళ్ళే పోతాయి, ఆ మాత్రం తెలీదా?"

"పోయిన నీళ్ళు మళ్ళీ పొయ్యాలత్తా. లేకపోతే బిడ్డ వాడిపోతుంది. నేను రోజూ చూస్తున్నాను."

"చూస్తా ఉండావు. కన్నావా? కన్నదానికి తెలుస్తాది బిడ్డకి ఏం కావల్లో. ఆ చేత్తో దాన్ని ముట్టుకోవద్దు." సొన్నమ్మ గ్లాసు లాక్కుని పెరట్లో పారబోసింది. పెళ్ళై ఆరేళ్ళయినా పిల్లలు పుట్టని భాగీరథి ఆ మాట అంతకు ముందూ విన్నదే. కానీ బిడ్డ ముందర అనడం అదే మొదలు.

భర్త చంద్రశేఖర్ వాచీల కార్ఖానా నుంచి రాగానే గదిలోకి పిలిచి చెప్పింది. బిడ్డని ఇప్పుడే ఆసుపత్రికి తీసుకుపోదాం అంది. అతను చొక్కా గుండీలు విప్పుతూ విన్నాడు.

"అమ్మ ఇంతమందిని సాకినాది కదా. తమ్ముడు కూడా ఊర్లో లేడు. వాని బిడ్డ మీద మనమెట్లా పెత్తనం చేసేది? నువ్వు సుమ్మనే ఉండు భాగీ. నీ చదువు ఆసుపత్రిలో చూపించుకో, ఇంట్లో వద్దు."

సుమ్మనే ఉండు. ఈ ఇంట్లో ఎన్నిసార్లు విన్న మాట! కూరలో కారం ఎక్కువైనప్పుడూ, పుట్టింటికి పోవాలన్నప్పుడూ, డాక్టరు మీ ఆయన్ని కూడా పరీక్ష చేయించుకోమన్నాడని చెప్పినప్పుడూ ఇదే మాట. ఊరికే ఉండడం ఆమెకి బాగా అలవాటైంది. పెద్దగా అరవాలని ఉన్నప్పుడు కూడా గొంతు తనంతట తానే సర్దుకుని వంటింటి వైపు తిరిగిపోతుంది.

తెల్లవారేసరికి గౌరి ఏడవడం మానేసింది. "నిలిచిపోయినాయి చూడు," అంది సొన్నమ్మ తృప్తిగా. జయమ్మ కూడా నమ్మినట్టు తల ఊపింది. భాగీరథి వంగి బిడ్డ పొట్ట మీద చర్మం వేళ్ళతో పట్టుకుని వదిలింది. అది ముడతగా అట్లాగే నిలబడిపోయింది. వార్డులో ఎంతోమంది బిడ్డల మీద చూసిన ముడత. ఆమె ఎవరినీ అడగలేదు. బిడ్డని జయమ్మ ఒడిలోంచి దుప్పటితో సహా ఎత్తుకుని, ముందు గుమ్మంలోంచే బయటికి నడిచింది. వెనక సొన్నమ్మ అరుపులు, జయమ్మ చెప్పుల్లేకుండా పరిగెత్తుకొస్తున్న చప్పుడు. ఆటో హెబ్బాళ దాటుతుండగా జయమ్మ, "అక్కా, కండ్లు మూయకుండా చూస్తా ఉండాది ఏమిటికి?" అని అడిగింది. భాగీరథికి తెలుసు ఏమిటికో. ఆటోని ఇంకా తొందరగా పొమ్మంది.

వార్డులో అందరూ ఎరిగినవాళ్ళే. పరిగెత్తుకొచ్చారు. సూది గుచ్చడానికి చేతుల్లో, కాళ్ళలో, తలలో ఎక్కడా నరం దొరకలేదు. దొరికేసరికి ఆలస్యమైపోయింది. గౌరిని అదే ఆటోలో, అదే దుప్పట్లో చుట్టి తెచ్చారు.

ఇంటి గుమ్మంలోనే సొన్నమ్మ గుండెలు బాదుకుంది. "నువ్వే తెచ్చినావే ఆ రోగం! దినామూ నీ ఒంటి మీద తెచ్చి ఇంట్లో పెట్టినావు!" వీధిలో జనం చేరారు. చంద్రశేఖర్ తలదించుకుని నిలబడ్డాడు. కాదని ఒక్కడూ అనలేదు. భాగీరథి కూడా అనలేకపోయింది. చేతులు సబ్బుతో కడుక్కున్నాను, స్నానం చేశాను, చీర జాడించాను అని లోలోపల తనకి తాను చెప్పుకుంది. ఆ క్రిములు ఊరంతా ఉన్నాయి, నీళ్ళలో ఉన్నాయి, ఈగల మీద ఉన్నాయి. కానీ తను తేలేదని దేవుడి ముందు నిలబడి చెప్పగలదా? చెప్పలేదు. ఏ మైక్రోస్కోపూ ఆ మాట చెప్పదు. ఆ అనుమానం ఆమెతో పాటు పడుకుని ఆమెతో పాటు లేచింది.

మళ్ళీ పనిలోకి పోయిన రోజు డాక్టర్ శ్రీకంఠయ్య ఆమెని గదిలోకి పిలిచాడు. "చాలా బాధ కలిగింది భాగీరథీ," అన్నాడు. కాసేపు బల్ల మీది కాగితాలు సర్దాడు. "ఇంట్లోనే కేసు వచ్చింది కదా. శాంపిల్ ఏమైనా తీసిపెట్టావా?"

ఆమె ఆయన మొహంలోకి చూసింది. అందులో దుర్మార్గం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. "లేదు సార్," అని బయటికొచ్చి, ఆ రోజు వచ్చిన సీసాలకి చీటీలు అంటించుకుంటూ కూర్చుంది. ఉద్యోగం మానెయ్యమని చంద్రశేఖర్ అప్పటికే రెండు మూడుసార్లు అన్నాడు. ఆమె మాత్రం రోజూ చేతిసంచి తీసుకుని బస్సెక్కుతూనే ఉంది.

ఆషాఢం వచ్చింది. జయమ్మ మళ్ళీ నెల తప్పింది. ఇంట్లో ఎవరూ సంతోషం పైకి చూపించలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం మగవాళ్ళంతా మగ్గాల కొట్టంలో ఉన్నారు. సొన్నమ్మ నడవలో కూర్చుని రాగులు చెరుగుతోంది. భాగీరథి బట్టలు మడతపెడుతోంది. గౌరి పోయినప్పటి నుంచీ అత్త ఆమెతో నేరుగా మాట్లాడింది లేదు. చేట ఆగింది.

"భాగీరథీ. నువ్వు చెప్పినట్ల నీళ్ళు తాపింటే, బిడ్డ బతికుండునా?"

ఈ ప్రశ్న కోసం ఆమె ఎదురుచూసింది. దీనికి జవాబుని బస్సులో, బావి దగ్గర, భర్త పక్కన పడుకుని ఎన్నోసార్లు మనసులో చెప్పుకుంది. ప్రతిసారీ ఆ జవాబు సూదిలా ఉండేది. గుచ్చి, తిప్పి, లాగాలనిపించేది. కానీ ఇప్పుడు సొన్నమ్మ మొహం చూస్తే అది కయ్యానికి అడిగినట్టు లేదు.

"చంద్రునికి ముందర నాకు ఇద్దరు," అంది సొన్నమ్మ, రాగుల్లోకి చూస్తూ. ఆ సంగతి ఈ ఇంట్లో భాగీరథికి ఎవరూ చెప్పలేదు. భర్తకైనా తెలుసో లేదో. "ఇద్దరికీ ఇదే రోగం. నీళ్ళు తాపొద్దని మా అత్త చెప్పినాది. నేను తాపలే. ఇప్పుడు నువ్వు నీళ్ళు పోస్తే బతుకుతారంటావు. అట్లయితే వాళ్ళని నేనే చంపుకున్నట్ల కదా. చెప్పు. చదివినదానివి కదా, చెప్పు."

భాగీరథి చేతిలో మడత కింద పెట్టింది. ఇన్నేళ్ళుగా ఈ మనిషి తన మాట వినకపోవడం పొగరనుకుంది, మూర్ఖత్వమనుకుంది. ఆ మాట విన్నదంటే ఆమె తన ఇద్దరు బిడ్డలని మళ్ళీ పూడ్చుకోవాల్సి వస్తుందని భాగీరథికి తెలియదు. ఒక్క చిన్న అబద్ధం చాలు. "ఎవరు చెప్పగలరత్తా, ఆయుస్సు అంతే" అంటే చాలు. డాక్టర్లు రోజూ తల్లులతో అనే మాటే. ముసలిదానికి నిద్ర పడుతుంది. తల ఎత్తితే వంటింటి తలుపు పక్కన జయమ్మ నిలబడి ఉంది. ఆమె చెయ్యి కొంగు కింద పొట్ట మీద ఉంది. వింటోంది. భాగీరథి ఇప్పుడేం చెప్తే, రేపు ఆ పుట్టబోయే బిడ్డ నోటికి అదే అందుతుంది.

"బతికేదత్తా," అంది. "నీళ్ళు తాపింటే గౌరి బతికేది."

"నా ఇద్దరూ?"

గొంతు మళ్ళీ వంటింటి వైపు తిరగబోయింది. ఆమె దాన్ని పట్టి నిలబెట్టింది.

"వాళ్ళు కూడా బతికేవాళ్ళేనత్తా. నువ్వు చంపలేదు. నీకెవరూ చెప్పలేదు. కానీ నీళ్ళు తాపింటే బతికేవాళ్ళు."

సొన్నమ్మ ఏడవలేదు. చాలాసేపు చేటలో వేళ్ళు అటూ ఇటూ కదిపింది. కొట్టంలోంచి మగ్గాల చప్పుడు వస్తూనే ఉంది.

"చిన్నది మాటలు రానిది," అంది చివరికి. "పెద్దోడు అడిగినాడే. అమ్మా, నీళ్ళు అని అడిగినాడు. వాని కంటికి కనబడకూడదని కుండ తీసి దాచిపెట్టినాను."

భాగీరథి ఆమె ఒడిలోంచి చేట తీసి పక్కన పెట్టింది. ఇంకా గుమ్మం దగ్గరే నిలబడ్డ తోడికోడలి వైపు తిరిగింది.

"జయా, వచ్చి ఇక్కడ కూర్చో. నువ్వూ వినత్తా. భేదుల బిడ్డకి నీళ్ళు ఎట్లా తాపాలో మొదట్నుంచి మళ్ళీ చెప్తాను."